ముప్పాతిక ఓటు

చెన్నైలో తెలుగువారి సమావేశంలో ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ చేసిన ప్రసంగ పాఠం, 2025

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, అదీ ఈ ఉక్కలో, పెరంబూరు నుంచి, షావుకారుపేట నుంచి, టి.నగర్ నుంచి వచ్చి కూర్చున్నారు. పార్లమెంటు సీట్ల లెక్క వినడానికి ఇంతమంది రావడం చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

మా వియ్యపురాలి ఫోనుతో మొదలుపెడతాను. వాళ్లది భోపాల్. మా వియ్యంకుడుగారు అక్కడి బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లూ అక్కడే, ఓటూ అక్కడే. ఈ ఏడాది మార్చి 22న ఇదే ఊళ్లో పెద్ద సమావేశం జరిగింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. స్టాలిన్ గారు పిలిస్తే కేరళ నుంచి పినరయి విజయన్, తెలంగాణ నుంచి రేవంత్ రెడ్డి, పంజాబ్ నుంచి భగవంత్ మాన్, కర్ణాటక నుంచి డి.కె. శివకుమార్ వచ్చారు. నియోజకవర్గాల పునర్విభజన, అంటే కొత్త జనాభా లెక్కల ప్రకారం సీట్లు మళ్లీ సర్దడం, జరిగితే మన రాష్ట్రాలకు అన్యాయం జరుగుతుందని అందరూ మాట్లాడారు. అది టీవీలో చూసి ఆవిడ ఫోన్ చేశారు.

"వదినగారూ, మీరు లెక్కల టీచరు కదా, ఒక్కటి చెప్పండి. మీ తమిళనాడు జనాభా ఎంత? మా మధ్యప్రదేశ్ జనాభా ఎంత?"

2011 లెక్కలు తీసి చూశాను. తమిళనాడు 7 కోట్ల 21 లక్షలు. మధ్యప్రదేశ్ 7 కోట్ల 26 లక్షలు. ఐదు లక్షలు వాళ్లే ఎక్కువ.

"మరి మీకు ఎంపీలు ఎంతమంది?"

"39 మంది."

"మాకు 29. అంటే నా ఓటు మీ ఓటులో ముప్పాతికేనా వదినగారూ?"

కాగితం మీద భాగించి చూశాను. ఇక్కడ పద్దెనిమిదిన్నర లక్షల మందికి ఒక ఎంపీ. అక్కడ 25 లక్షల మందికి ఒక ఎంపీ. పద్దెనిమిదిన్నరని పాతికతో భాగిస్తే 0.74. ఆవిడ నోటిలెక్క సరిపోయింది, ముప్పాతికే. ఆవిడ దెబ్బలాటకి ఫోన్ చేయలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అప్పటి నుంచీ కూర్చుకున్న జవాబు ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

ముందు మన రాజ్యాంగం ఏమందో చూద్దాం. 81వ అధికరణంలో ఉంది. లోక్‌సభలో ఒక్కో రాష్ట్రానికి ఇచ్చే సీట్లకీ ఆ రాష్ట్ర జనాభాకీ ఉండే నిష్పత్తి, సాధ్యమైనంత వరకు, అన్ని రాష్ట్రాలకీ ఒకటే ఉండాలి. చిన్న రాష్ట్రాలకు మినహాయింపు ఉంది, దాని గురించి పేచీ లేదు. 82వ అధికరణం ఇంకో మాట చెబుతుంది. జనాభా లెక్కలు అయిన ప్రతిసారీ ఈ సీట్లు సర్దాలి. అంటే మా వియ్యపురాలు అడిగింది కొత్త కోరిక కాదు. రాజ్యాంగం మొదటి రోజు నుంచీ చెబుతున్న మాటే.

ఆ మాట ప్రకారం మొదట్లో సర్దారు కూడా. ఇక్కడ కూర్చున్న మనకి ఇది రెండు వైపుల నుంచీ తగిలే సంగతి, అందుకే కాస్త నిలబడి చెబుతాను. 1962 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రానికి 41 సీట్లు, ఆంధ్రప్రదేశ్‌కి 43. 1951 నుంచి 1961 దాకా పదేళ్లలో దేశ జనాభా 21 శాతానికి పైగా పెరిగితే మద్రాసు రాష్ట్రంలో దాదాపు 12 శాతమే పెరిగింది. ఆంధ్రలో కూడా దేశం కంటే తక్కువే. 1961 లెక్కల మీద సర్దుబాటు జరిగింది. 1967 ఎన్నికలకు మద్రాసుకి 39, ఆంధ్రకి 41. ఇక్కడ రెండు పోయాయి, అక్కడ రెండు పోయాయి. ఆ తర్వాత 1971 లెక్కలతో మన ఆంధ్రకి ఒకటి తిరిగొచ్చి 42 అయింది. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక ఆ 42నే 25, 17 అని పంచుకున్నాం. తమిళనాడు 39 దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగిపోయింది? 1976లో ఆపేశారు కాబట్టి. ఎమర్జెన్సీ రోజులు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆరోగ్యశాఖ మంత్రి కరణ్ సింగ్ జాతీయ జనాభా విధానం ప్రకటించారు. కుటుంబ నియంత్రణ బాగా అమలు చేసిన రాష్ట్రం ఆ కారణంగానే సీట్లు పోగొట్టుకోకూడదు కాబట్టి, 2001 దాకా 1971 లెక్కలే వాడదామన్నారు. 42వ రాజ్యాంగ సవరణతో అది చట్టమైంది. గడువు దగ్గరపడేసరికి 2001లో 84వ సవరణ తెచ్చి, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. మధ్యలో జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 లెక్కలతో నియోజకవర్గాల హద్దులు మార్చింది కానీ, ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అన్న అంకె ముట్టుకోలేదు. ముట్టుకునే అధికారం దానికి లేదు.

ఇప్పుడు ఇంకో రెండు అంకెలు చూడండి. 1971లో తమిళనాడు జనాభా 4 కోట్ల 12 లక్షలు, సీట్లు 39. అప్పటి మధ్యప్రదేశ్, అంటే ఛత్తీస్‌గఢ్ కలిసి ఉన్నప్పుడు, 4 కోట్ల 17 లక్షలు, సీట్లు 40. ఇక్కడా అక్కడా పదిన్నర లక్షల మందికి కాస్త అటూ ఇటూగా ఒక ఎంపీ. ఎంత చక్కగా కుదిరింది! ఆ రోజు భోపాల్ ఓటూ మద్రాసు ఓటూ సమానం. 2011కి వచ్చేసరికి ఆ పాత మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌ని కలుపుకుని, 9 కోట్ల 81 లక్షలైంది. తమిళనాడు 7 కోట్ల 21 లక్షలైంది. సీట్లు మాత్రం అవే 40, అవే 39. తప్పు చేసిన మనిషి ఎవరూ లేరు ఇందులో. గడియారం ఆపేశారు, జనం ఆగలేదు.

సరే, ఇప్పుడు ఉన్న 543 సీట్లనే 2011 జనాభా ప్రకారం పంచితే ఏమవుతుంది? నేను సింపుల్‌గా భాగించి చూశాను. దేశ జనాభా 121 కోట్లు, సీటుకి 22 లక్షల 30 వేల మంది. ఆ లెక్కన తమిళనాడుకి 32 వస్తాయి. ఏడు పోతాయి. కేరళకి 20 బదులు 15. మన తెలుగు రాష్ట్రాలు రెండిటికీ కలిపి 42 బదులు 38. ఉత్తరప్రదేశ్‌కి 80 బదులు దాదాపు 90. బీహార్‌కి 40 బదులు 46, 47. చిన్న రాష్ట్రాల కోసం సర్దితే ఒకటి అటూ ఇటూ అవుతుంది కానీ దారి ఇదే.

ఇక్కడ మీ ముఖాలు చూస్తుంటే తెలుస్తోంది. నాకూ అలాగే అనిపించింది. మనం పుట్టి పెరిగిన రాష్ట్రానికీ పోతాయి, మనం బతుకుతున్న రాష్ట్రానికీ పోతాయి.

"సీట్లు తగ్గించం, మొత్తం సంఖ్య పెంచుతాం" అని ఒక మాట వినబడుతోంది. 2023లో తెరిచిన కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ హాల్లో 888 కుర్చీలు వేశారు కదా, అందుకని. 888ని జనాభా ప్రకారం పంచితే తమిళనాడుకి 53 వస్తాయి. 39 నుంచి 53! విన్నవాళ్లు సంబరపడతారు. కానీ 543లో 39 అంటే వందకి ఏడు పైచిలుకు. 888లో 53 అంటే వందకి ఆరు కూడా నిండదు. పప్పులో నీళ్లు పోసినట్టు. గిన్నె నిండుతుంది, పప్పు పెరగదు. సభలో బిల్లు గెలిచేదీ ఓడేదీ వందకి ఎంతమంది అన్నదాని మీదే. కాబట్టి ఎవరైనా "మీకు ఒక్క సీటు కూడా తగ్గదు" అంటే, "వాటా మాటేమిటి?" అని అడగండి.

పోనీ, ఇప్పుడున్న వాటా ఎలా ఉందో అలాగే ఉంచి అందరికీ ఒకే లెక్కన పెంచుతారనుకోండి. అప్పుడు మనకి నష్టం లేదు. కానీ భోపాల్లో ఆవిడ ఓటు ముప్పాతిక దగ్గరే ఉంటుంది. రేపు ఇంకా తగ్గుతుంది.

ఇక్కడ మనవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "మేము పిల్లల్ని తక్కువ కన్నాం, దేశం చెప్పినట్టు విన్నాం, దానికి శిక్షా?" ఈ మాటలో నిజం ఉంది. చిన్నప్పుడు మా ఊళ్లో గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మ ఉండేది. మా పెద్దమ్మ ఇద్దరు పిల్లలయ్యాక క్యాంపులో ఆపరేషన్ చేయించుకుంది. ఎడ్లబండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, పడుకోబెట్టి తీసుకొచ్చారు. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా పళ్లు బిగించి మా అమ్మ చెయ్యి పట్టుకుంది. దక్షిణాదిలో జనాభా పెరుగుదల తగ్గిందంటే అలాంటి ఆడవాళ్ల ఒంటి మీదుగా తగ్గింది. ఆడపిల్లలు బడికెళ్లడం వల్ల తగ్గింది. పుట్టిన పిల్ల బతుకుతుందన్న ధీమా ఇచ్చిన నర్సమ్మల వల్ల తగ్గింది. దాన్ని నేను చిన్నచూపు చూడలేను.

కానీ అదే మాటని భోపాల్ నుంచి చూడండి. ఆవిడకీ ఇద్దరే పిల్లలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, అందులో మధ్యప్రదేశ్‌లో స్త్రీకి సగటున ఇద్దరే పిల్లలు. రాజస్థాన్‌లో కూడా ఇద్దరే. జనాభా నిలకడగా ఉండాలంటే కావలసిన 2.1 కంటే తక్కువ. మన ఆంధ్రలో 1.7, ఇక్కడ 1.8. బీహార్ ఒక్కటే పెద్ద రాష్ట్రాల్లో 3 దగ్గర ఉంది. అంటే వాళ్లూ మన దారికే వచ్చారు, కొన్నేళ్లు వెనకగా. ఓటు అన్నది పిల్లల్ని తక్కువ కన్నందుకు ఇచ్చే బహుమతి కాదు, ఎక్కువ కన్నందుకు వేసే జరిమానా కాదు. నేను ఈ మాట చెన్నైలో నిలబడి అంటున్నాను, కొందరికి నచ్చకపోవచ్చు. కానీ న్యాయం గురించి మాట్లాడటానికి వచ్చి సగమే మాట్లాడలేను.

అయితే దక్షిణాదికి అడిగే హక్కు లేదా? ఉంది. దేశం 1976లో ఒక మాట ఇచ్చింది, 2001లో మళ్లీ ఇచ్చింది. ఆ మాట నమ్మి రాష్ట్రాలు నడుచుకున్నాయి. మాట మార్చేటప్పుడు కూర్చోబెట్టి చెప్పాలి, కొత్త మాట ఏమిటో ముందే రాసి చూపించాలి. నా జవాబు మొత్తం ఈ "ముందే" అన్న మాటలో ఉంది. ఎందుకో చెప్పడానికి మా అపార్ట్‌మెంట్ సంగతి చెప్పాలి.

మా కాంప్లెక్స్‌లో మూడు బ్లాకులు. ఎ బ్లాకులో 60 ఫ్లాట్లు, బి బ్లాకులో 60, సి బ్లాకులో 20. అసోసియేషన్ కమిటీలో పది మంది. ఫ్లాట్ల లెక్కన పంచితే ఎ, బి బ్లాకులకి చెరి 4.29, సి బ్లాకుకి 1.43. మనిషిని ముక్కలు చేయలేం కదా. పూర్ణాంకాలు ముందు ఇచ్చేశాం, 4, 4, 1. తొమ్మిది మందయ్యారు. మిగిలిన ఒక్క సీటు ఎవరి మిగులు పెద్దదో వాళ్లకి. సి బ్లాకు మిగులు 0.43, అదే పెద్దది. వాళ్లకి ఇద్దరు. అందరూ సరేనన్నారు.

కిందటి వేసవిలో నీళ్ల లారీల గొడవ వచ్చింది. ఏ రోజు ఎన్ని లారీలు తెప్పించాలి, ఏ సంపులో ముందు పోయాలి అని రోజూ పేచీ. పని పెరిగింది, కమిటీలో ఇంకొకర్ని కలుపుదాం, పదకొండు చేద్దాం అన్నారు. సెక్రటరీ కింద పార్కింగ్‌లో వైట్‌బోర్డు పెట్టి లెక్క వేశాడు. ఎ, బి బ్లాకులకి 4.71. సి బ్లాకుకి 1.57. పూర్ణాంకాలు 4, 4, 1. ఇంకా రెండు సీట్లు మిగిలాయి. పెద్ద మిగుళ్లు ఎవరివి? 0.71, 0.71. ఎ, బి బ్లాకులవి. కాబట్టి 5, 5, 1.

సి బ్లాకు మామి ఒకావిడ లేచి నిలబడింది. చేతిలో కూరగాయల సంచి అలాగే ఉంది. "కుర్చీలు పెరిగితే మాకు ఒకటి తగ్గుతుందా?" అని తమిళంలో అడిగింది. సెక్రటరీ బోర్డు తుడిచి మళ్లీ వేశాడు. మళ్లీ అదే వచ్చింది. లెక్కలో తప్పు లేదు. మోసం లేదు. అయినా ఆవిడకి మోసం జరిగినట్టే అనిపించింది. అనిపించదా మరి?

ఈ చిక్కు మా పార్కింగ్‌లో పుట్టింది కాదు. అమెరికాలో 1880 జనాభా లెక్కల తర్వాత, సీట్లు ఎన్ని పెడితే ఎవరికి ఎన్ని వస్తాయో జనగణన ఆఫీసు గుమాస్తా ఒకాయన పట్టికలు వేశాడు. 299 సీట్లు పెడితే అలబామా రాష్ట్రానికి 8. 300 పెడితే 7. చూసినవాళ్లు నివ్వెరపోయారు. అందుకే దానికి అలబామా వైరుధ్యం అని పేరొచ్చింది. మిగుళ్లను పంచే ఈ పద్ధతి అమెరికా తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్‌ది. అది వద్దని అప్పటి విదేశాంగ మంత్రి జెఫర్సన్ ఇంకో పద్ధతి చెప్పాడు. 1792లో అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ తన మొట్టమొదటి వీటో వాడింది ఈ సీట్ల పంపకం బిల్లు మీదే. జెఫర్సన్ పద్ధతి గెలిచింది. దాంతో వర్జీనియాకి, పద్దెనిమిది పైచిలుకు రావలసిన చోట, 19 వచ్చాయి. వాషింగ్టన్‌దీ జెఫర్సన్‌దీ వర్జీనియానే. వాళ్లు దురుద్దేశంతో చేశారని నేననను. కానీ వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత ఊరికే పుట్టలేదు.

లోపం లేని పద్ధతి ఒకటి కనిపెట్టవచ్చు కదా అంటారా? బాలిన్స్కీ, యంగ్ అని ఇద్దరు పండితులు 1982లో అది కుదరదని నిరూపించారు. ప్రతి రాష్ట్రానికీ దాని అసలు వాటాకి కిందిదో పైదో అయిన పూర్ణాంకమే రావాలి, అలాగే జనాభాలు మారినప్పుడు తలకిందులు ఫలితాలు రాకూడదు. ఈ రెండూ ఎప్పుడూ కుదిరే పద్ధతి లేదు. ఒక లెక్కల టీచర్‌గా నాకు ఇది చాలా ముఖ్యమైన మాట. ఎందుకంటే లెక్క మనకి తీర్పు ఇవ్వదు. ఏ లోపాన్ని ఓర్చుకుందాం అన్నది మనమే ఎంచుకోవాలి. ఎంచుకోవడం అంటే రాజకీయం. అయితే ఆ ఎంపిక ఎప్పుడు చేస్తాం అన్నదే అసలు ప్రశ్న.

అంకెలు చేతికొచ్చాక పద్ధతి ఎంచుకుంటే ఏమవుతుందో అమెరికా 1941లో చూపించింది. అప్పటికి 1940 లెక్కలు వచ్చేశాయి. రెండు పద్ధతుల మధ్య తేడా ఒకే ఒక్క సీటు. ఒక పద్ధతిలో అది మిషిగన్‌కి, ఇంకో పద్ధతిలో ఆర్కాన్సాకి. ఆర్కాన్సాలో డెమోక్రాట్లు గెలుస్తారు. డెమోక్రాట్ల మెజారిటీ సభ ఆర్కాన్సాకి పనికొచ్చే పద్ధతినే చట్టం చేసింది. మిషిగన్ డెమోక్రాట్లు మాత్రం ఒప్పుకోలేదు. పార్టీ కంటే సొంత సీటు దగ్గర కదా! అంతకు ముందు 1920 లెక్కల తర్వాత ఇంకా ఘోరం. పట్నాలు పెరిగాయి, పల్లెలు తగ్గాయి. పల్లె సభ్యులు ఒప్పుకోక ఆ దశాబ్దమంతా సీట్లు సర్దనేలేదు. మనలాగే ఆపేసి కూర్చున్నారు. చివరికి 1929లో చట్టం చేశారు. లెక్కలు రాగానే పంపకం దానంతటదే జరిగిపోవాలని. 1941లో ఎంచుకున్న పద్ధతి, పుట్టుక ఎలాంటిదైనా, మారకుండా నిలబడింది. 2020 లెక్కల్లో న్యూయార్క్ రాష్ట్రానికి ఒక సీటు పోయింది. ఎంతలో పోయిందో తెలుసా? ఇంకొక్క 89 మంది ఎక్కువుంటే నిలిచేది. బాధపడ్డారు, అరిచారు. కానీ నియమం ఎవరో నిన్న రాత్రి మార్చారని అనలేకపోయారు.

మా అపార్ట్‌మెంట్‌లో కూడా దారి ఇలాగే దొరికింది. డి బ్లాకు కట్టడం అవుతోంది. అందులో ఎన్ని ఫ్లాట్లకు అనుమతి వస్తుందో అప్పటికి తెలియదు. నలభై అన్నారు, డెబ్బై అన్నారు. నేను చెప్పాను, అది తేలకముందే రాసేసుకుందాం అని. ప్రతి 15 ఫ్లాట్లకి ఒకరు. సగం దాటితే ఇంకొకరు. ఎంత చిన్న బ్లాకైనా ఇద్దరికి తగ్గకూడదు. కమిటీ ఎంత పెద్దదైతే అంత. ఆ వేసవంతా తెగని గొడవ పావుగంటలో తెగిపోయింది. ఎందుకంటే ఆ నియమం రేపు ఎవరికి లాభమో ఆ రోజు ఎవరికీ తెలియదు. మామి కూడా సంతకం పెట్టింది, సంచి కింద పెట్టి.

ఇప్పుడు దేశానికి వద్దాం. 2025 జూన్ 16న కేంద్రం జనగణన నోటిఫికేషన్ ఇచ్చింది. లెక్కకి ఆధారమైన తేదీ 2027 మార్చి 1. మంచు ప్రాంతాలకు 2026 అక్టోబర్ 1. అంటే ఇది 2026 తర్వాతి మొదటి జనాభా లెక్క. 84వ సవరణ పెట్టిన గడువు దీంతో తీరుతుంది. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్, 106వ సవరణ, అదీ ఈ పునర్విభజనతోనే ముడిపడి ఉంది. కాబట్టి ఇంకో పాతికేళ్లు ఆపేద్దాం అనేవాళ్లు చట్టసభల్లో ఆడవాళ్ల సంగతి ఏమిటో కూడా చెప్పాలి. ఇంకోటి, పునర్విభజన కమిషన్ ఒకసారి ఉత్తర్వు ఇచ్చాక పార్లమెంటు కూడా దాన్ని మార్చలేదు. 329వ అధికరణం వల్ల కోర్టులో సవాలు చేయడానికి దాదాపు వీల్లేదు. అప్పుడు అరిచి లాభం లేదు. మాట్లాడవలసిన సమయం 2027 మార్చి లోపలే.

ఏం రాయాలి మరి ఆ నియమంలో? ఇది నా అభిప్రాయం, మీరు వేరేగా అనుకోవచ్చు.

మన దగ్గరే ఒక మంచి నమూనా ఉంది, ఎవరూ దాని మాట ఎత్తరు. రాజ్యసభ. మొదట్లో రాజ్యసభ సీట్లు ఎలా పంచారో తెలుసా? రాష్ట్రంలో మొదటి 50 లక్షల జనాభాకి, పది లక్షలకి ఒక సీటు. ఆ పైన 20 లక్షలకి ఒక సీటు. భాషా రాష్ట్రాలు ఏర్పడ్డాక మిగిలిన మద్రాసు రాష్ట్రంలో 1951 జనాభా లెక్కల ప్రకారం మూడు కోట్ల మంది, దానికి ఆ లెక్కన 18. ఆరు కోట్ల పైచిలుకు ఉన్న ఉత్తరప్రదేశ్‌కి 34. జనం రెండింతలు దాటినా సీట్లు రెండింతలు కాలేదు. పెద్ద రాష్ట్రానికి ఎక్కువే వస్తాయి, కానీ ప్రతి అడుగుకీ కాస్త తగ్గుతూ పెరుగుతాయి. యూరోపియన్ పార్లమెంటు ఇవాళ నడుస్తున్నది ఈ సూత్రం మీదే. అక్కడ ఎంత పెద్ద దేశమైనా 96 దాటకూడదు, ఎంత చిన్నదైనా 6కి తగ్గకూడదు. ఎనిమిది కోట్ల జర్మనీకి 96, ఐదారు లక్షల మాల్టాకి 6. యూరప్‌వాళ్లు దీనికి పెద్ద పేరు పెట్టి ఒప్పందంలో రాసుకున్నారు. మనవాళ్లు అంతకు చాలా ముందే, పేరు పెట్టకుండా చేసి చూపించారు.

నేను కోరేది ఇది. లోక్‌సభ జనానిది. అక్కడ భోపాల్ ఓటూ పెరంబూరు ఓటూ నెమ్మదిగా సమానం కావాలి. ఒక్కసారిగా ఏడు సీట్లు కోసేయడం కాదు, రెండు మూడు ఎన్నికల మీద. రాజ్యసభ రాష్ట్రాలది. అక్కడ చిన్న, మధ్య రాష్ట్రాల బరువు ఇప్పటి కంటే పెంచాలి. రాష్ట్రాల అధికారాలనూ పన్నుల వాటానూ తాకే బిల్లులకు ఆ సభ ఒప్పుకోలు తప్పనిసరి చేయాలి. ఇప్పుడు ద్రవ్య బిల్లు అని ముద్ర వేస్తే రాజ్యసభ ఆపలేదు. అది మారకుండా లోక్‌సభలో మన వాటా వదులుకోమంటే, మీరు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఈ రెండూ కలిపి ఒకే సవరణలో రాయాలి. మిగుళ్లు పంచే పద్ధతి ఏదో, మొత్తం సీట్లు ఎన్నో, ఏ ఎన్నిక నుంచి ఎంత మారుతుందో, అన్నీ. 2027 మార్చి 1 లోపల.

మీరు అడగొచ్చు, ఎంపీలు మన మాట వింటారా అని. ఉత్తర చెన్నైలో ఎవరైనా గెలవాలంటే కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి, పెరంబూరు తెలుగు ఓట్లు కావాలి. మనలో సగం మందికి అన్నదమ్ములు తిరుపతి నియోజకవర్గంలో ఉన్నారు, నెల్లూరులో ఉన్నారు, హైదరాబాద్‌లో పిల్లలున్నారు. మూడు రాష్ట్రాల ఎంపీలకి ఒకే ఉత్తరం అందించగల జనం మనమే.

ఈ మాటలన్నీ మొన్న భోపాల్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అంతా విని, "లోక్‌సభలో నాకు నిండు ఓటు వస్తే, రాజ్యసభలో మీకు ఎక్కువ ఇస్తే నాకేం కష్టం లేదు వదినగారూ. కానీ ఎప్పటికిస్తారో తేదీ రాయించండి" అన్నారు. తేదీ సంగతి ఆవిడ చెప్పాకే ఉత్తరంలో చేర్చాను.

ఆ ఉత్తరం తలుపు దగ్గర బల్ల మీద ఉంది, తెలుగులోనూ తమిళంలోనూ. చదివి, ఒప్పుకుంటేనే సంతకం పెట్టండి. మార్చాలనిపిస్తే అంచు మీద రాయండి, పెన్నులు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ప్రశ్నలు. మైకు వెనక వరుసకి ఇవ్వండి బాబూ, ఆ పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.